ఆ పాప ‘కాబట్టి’ అని ఎందుకు రాసింది?

నాలుగో తరగతికి తెలుగు చెప్పే ఒక ఉపాధ్యాయిని రాసిన ఉత్తరం ఇది. పేరు రాయొద్దన్నారు. ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నారు, ఈ ఏడాది క్లాసులో ముప్ఫై నలుగురు పిల్లలు. సంయుక్త వాక్యాల పాఠం మూడు వారాలు చెప్పారు. ‘సమాన ప్రాధాన్యం గల వాక్యాలు కలిసి ఏర్పడేది సంయుక్త వాక్యం’ అన్న నిర్వచనం అందరికీ నోటికి వచ్చింది. ఫలానా వాక్యం ఏ రకమో గుర్తించమంటే చాలామంది గుర్తిస్తున్నారు. తీరా సెలవు రోజు ఎలా గడిచిందో పది వాక్యాలు రాయమంటే సగం మంది ‘నేను లేచాను. నేను ఆడాను. నేను పడుకున్నాను’ అని ముక్కలు ముక్కలుగా రాశారు. మిగతావాళ్లు ప్రతి రెండు వాక్యాల మధ్యా ‘మరియు’ పెట్టారు. ‘నాకు జ్వరం వచ్చింది ఎందుకంటే బడికి రాలేదు’ అని రాసినవాళ్లూ ఉన్నారు.

ఆవిడకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఇంకొకటి. ఒక పాప ‘నాకు వాన అంటే ఇష్టం కాబట్టి నాకు గొడుగు లేదు’ అని రాసింది. అప్పటికే పాతిక పుస్తకాలు దిద్ది అలసిపోయి ఉన్న టీచరు ఆ వాక్యాన్ని క్లాసందరికీ చదివి వినిపించి, ‘దీనికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా?’ అన్నారు. పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి ఆ పాప మూడు మాటలకు మించి వాక్యం రాయడం లేదు. తప్పులు ఒక్కటీ ఉండవు, పుస్తకం నిండా రైట్ మార్కులే. ‘ఆ రైట్ మార్కులు పెడుతుంటే నాకే బాధగా ఉంటోంది’ అని రాశారు. ఇంకోపక్క హెడ్మాస్టరుగారు, పరీక్షలో వచ్చేది వాక్యం గుర్తించడమే కదా, నిర్వచనం, ఉదాహరణలు ఇంకో నాలుగుసార్లు రాయించండి అంటున్నారు. తను చెప్పే పద్ధతిలోనే తప్పుందా, ఆ పాపతో ఇప్పుడు ఏం చేయాలి, హెడ్మాస్టరుగారి మాట దాటి వేరేగా చెప్పవచ్చా అన్నవి ఆవిడ ప్రశ్నలు.

టీచరుగారూ,

మీరు పాఠం గురించి మొదలుపెట్టి పాప దగ్గర ఆగారు. నేను పాప దగ్గరే మొదలుపెడతాను. ఎందుకంటే మీ పాఠంలో ఏది లోపించిందో ఆ ఒక్క వాక్యంలోనే కనిపిస్తోందని నాకనిపించింది.

‘నాకు వాన అంటే ఇష్టం కాబట్టి నాకు గొడుగు లేదు.’ ఈ వాక్యాన్ని నేను నాలుగైదుసార్లు చదువుకున్నాను. వాన ఇష్టమైన పిల్ల తడవాలనుకుంటుంది. తడవాలనుకునే పిల్ల గొడుగు తెచ్చుకోదు, కొనిస్తానన్నా వద్దంటుంది. అలా చూస్తే ‘కాబట్టి’ సరైన చోటే ఉంది. మధ్యలో ఉండాల్సిన ఇంకో వాక్యం, ‘తడవడం నాకు సరదా’ అన్నది, పాప మనసులో ఉండిపోయి కాగితం మీదికి రాలేదు. ఎనిమిదీ తొమ్మిదేళ్ల పిల్లలు తరచూ చేసే పని ఇది. తమకు తెలిసింది చదివేవాళ్లకీ తెలుసనుకుని ఒక మెట్టు వదిలేసి రాస్తారు. ఆ మెట్టు మనకు కనపడదు కాబట్టి సంబంధం లేదనుకుంటాం. పాప ఉద్దేశం ఇదేనో కాదో ఆ పాపను అడిగితేనే తెలుస్తుంది. ఆ రోజు జరగనిది ఆ అడగడమే.

దీన్ని మీ మీద నేరంగా చెప్పడం లేదు. నేనూ చాలా ఏళ్లు పిల్లల పుస్తకాలు దిద్దినవాణ్ణే. ఇరవయ్యో పుస్తకం దాటాక కళ్లకు తప్పులు మాత్రమే కనిపిస్తాయి, వాక్యం వెనక పిల్ల కనిపించదు. ఒక అబ్బాయి రాసిన వాక్యాన్ని నేనూ బోర్డు మీద రాసి అందరి చేతా దిద్దించాను. ఆ ఏడాదంతా ఆ అబ్బాయి నాకు పుస్తకం అట్ట మూసి ఇచ్చేవాడు, తెరిచి ఇచ్చేవాడు కాదు. దాని అర్థం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ పాప మూడు మాటల్లోకి ఎందుకు ముడుచుకుపోయిందో ఆలోచించండి. వాక్యంలో చేరే ప్రతి మాటా పిల్లలకు ఇంకో ప్రమాదం. ఇంకో ఒత్తు, ఇంకో దీర్ఘం, ఇంకో ఎర్ర గీత. ‘వాన వచ్చింది’ అని ఆగిపోతే ఎవరూ ఏమీ అనరు. పాప తెలివైనది కాబట్టే ఆ సురక్షితమైన చోటు కనిపెట్టింది. ఇప్పుడు మీరు ‘పెద్ద వాక్యాలు రాయమ్మా’ అని ఎంత మెల్లగా చెప్పినా, బయటికి రా, మళ్లీ నవ్వుతారు అన్నట్టే వినపడుతుంది.

మీకు మూడు దారులున్నాయి. ఏమీ అనకుండా ఊరుకుని, రోజులు గడిస్తే పాపే మరిచిపోతుందనుకోవడం ఒకటి. కొందరు మరిచిపోతారు కూడా. కానీ రాయడమంటే జాగ్రత్తగా తప్పించుకోవడం అన్న అలవాటు ఈ వయసులో పడితే పై తరగతులకూ వెంట వెళ్తుంది. రెండోది, క్లాసులో అందరి ముందూ ‘ఆ రోజు తప్పు నాదే’ అని చెప్పడం. అది మీ పెద్ద మనసు. అయితే బిడియస్తురాలైన పిల్లకు తన పేరు మళ్లీ అందరి నోటా పడటమే శిక్ష అవుతుంది, నవ్వినవాళ్లకు ఆ సంగతి మళ్లీ గుర్తొస్తుంది. మూడోది, పాప ఒక్కతే ఉన్నప్పుడు పక్కన కూర్చుని, ‘నువ్వు గొడుగు గురించి రాసిన వాక్యం ఆ రోజు నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోకుండానే మాట్లాడాను. ఇప్పుడు చెప్తావా, వినాలనుంది’ అనడం. నా మొగ్గు దీనివైపే. మొదటిసారి అడిగితే పాప ఏమీ చెప్పకపోవచ్చు, తల అడ్డంగా ఊపి వెళ్లిపోవచ్చు. బలవంతపెట్టకండి. రెండు రోజులాగి మళ్లీ ఒకసారి. చెప్పిందనుకోండి, చెప్పింది చెప్పినట్టు మీరే కాగితం మీద రాసి చదివి వినిపించండి. తను నోటితో అన్నది మీ చేతిరాతలో నిండు వాక్యంగా కనపడటం పిల్లలకు గొప్ప సంగతి. ఆ తర్వాత దాన్ని క్లాసులో బోర్డు మీద రాయవచ్చా అని పాపనే అడగండి. వద్దంటే వద్దు.

ఇక పాఠం సంగతి.

మీ పద్ధతి తప్పా అని అడిగారు. మీరు చెప్పినదాంట్లో తప్పు లేదు, వరస తిరగబడింది. పిల్లలకు ముందు పేరు చెప్పి, తర్వాత వస్తువు చూపించారు. నిజానికి ఆ వస్తువు వాళ్ల దగ్గర ఎప్పటి నుంచో ఉంది. విరామంలో వాళ్ల మాటలు చెవినబెట్టి వినండి. ‘వాడు తోశాడు కానీ నేను పడలేదు’, ‘నువ్వు ఇవ్వలేదు కాబట్టి నేనూ ఇవ్వను’, ‘నువ్వొస్తావా, నేను రావాలా?’ ఇవన్నీ సంయుక్త వాక్యాలే, ఏ నిర్వచనమూ నేర్చుకోకుండా నోట్లోంచి వచ్చినవి. ఆ నోరే కాగితం ముందు మూగబోతోంది. ఎందుకంటే అక్షరం గుండ్రంగా రావాలి, ఒత్తు సరిగ్గా పడాలి, గీత దాటకూడదు. వాటి మీదే బుద్ధంతా పెడితే రెండు ఆలోచనల మధ్య లంకె వేసుకోవడానికి చోటు మిగలదు.

నిర్వచనం రాకపోతే కలపడం వస్తుందా అని మీకు సందేహం రావచ్చు. ఈ ప్రశ్న మీద పరిశోధనలు జరిగాయి. 1973లో ఫ్రాంక్ ఓహేర్ అనే ఆయన ఏడో తరగతి పిల్లల చేత వ్యాకరణ పదాలేవీ చెప్పకుండా చిన్న వాక్యాలను కలిపించే సాధన చేయించి, వాళ్ల రాత మెరుగైందని చూపించారు. 2007లో స్టీవ్ గ్రాహం, డొలొరెస్ పెరిన్ అనే ఇద్దరు, నాలుగు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల రాత మీద అప్పటికి జరిగిన ప్రయోగాలను ఒకచోట చేర్చి లెక్క కట్టారు. వాక్యాలు కలిపే సాధన వల్ల రాత నాణ్యత మీద పడిన ప్రభావం 0.50 అని తేలింది. అలాంటి లెక్కల్లో అది చెప్పుకోదగ్గ మేలు. వ్యాకరణాన్ని విడి పాఠంగా చెప్పినప్పుడు మాత్రం మైనస్ 0.32 వచ్చింది. వ్యాకరణం పిల్లల్ని పాడుచేస్తుందని దీనర్థం కాదు. రాయడానికి వాడాల్సిన గంట నిర్వచనాలకు పోతే రాతకు ఆ మేరకు నష్టమని నేను అర్థం చేసుకున్నాను.

అయితే ఇవి ఇంగ్లీషులో రాసే పిల్లల మీద జరిగిన పరిశోధనలు. తెలుగు వాక్యం అతుక్కునే తీరు వేరు, మీ ‘మరియు’ బెడద అక్కడి నుంచే వచ్చింది. మనం మాట్లాడేటప్పుడు ‘మరియు’ వాడం. ‘అక్కా చెల్లీ పాడారు’ అంటాం, చివరి అచ్చుకు దీర్ఘమిచ్చి రెంటినీ ముడేస్తాం. ‘ఆవిడ టీచరు, రచయిత్రి’ అని కామాతో సరిపెడతాం. ఒకే మనిషి వరసగా చేసిన పనులైతే ‘లేచి, తయారై, బడికి వెళ్లాను’ అంటాం. పిల్లలు ఇంగ్లీషు పాఠంలో ‘అండ్’ నేర్చుకుని, దానికి తెలుగు మాట ‘మరియు’ అనుకుని ఇక్కడికి మోసుకొస్తున్నారు. దాన్ని నిషేధిస్తే వారం తిరక్కుండా దాని స్థానంలో ‘తర్వాత’ వచ్చి కూర్చుంటుంది, నాకది అనుభవమే. నిషేధించే బదులు ఒక పని చేయండి. ‘మరియు’ ఉన్న వాక్యాన్ని పిల్లాడి చేత పైకి చదివించి, ‘ఇదే మీ అమ్మకు చెప్పాలంటే ఎలా చెప్తావు?’ అని అడగండి. నోరు తనంతట తనే దిద్దుకుంటుంది. దిద్దుకున్నదాన్ని అప్పుడే రాయమనండి, ఆలస్యమైతే జారిపోతుంది.

ఇలా కలిపేటప్పుడు క్రియ మారుతుందన్న సంగతి మనకు ఎంత అలవాటైపోయిందంటే పిల్లలకు చెప్పడం మరిచిపోతాం. ‘అక్క పాడింది. చెల్లి పాడింది’ కలిస్తే ‘పాడారు’. ‘పిల్లి పాలు తాగింది. కుక్క నీళ్లు తాగింది’ కలిస్తే ‘పిల్లి పాలు, కుక్క నీళ్లు తాగాయి’. విడిగా ఉన్నప్పుడు అక్కకూ పిల్లికీ ఒకటే ‘ది’, కలిసేసరికి ఒకచోట ‘రు’, ఇంకోచోట ‘యి’. పిల్లలు ఇక్కడే తడబడి, ఆ తడబాటు తప్పించుకోవడానికి ముక్కల వాక్యాల్లోనే ఉండిపోతారు. రెండు రోజులు ఇదొక్కటే ఆడించండి. ‘చెల్లి వచ్చింది, కుక్క వచ్చింది’ లాంటి జంట మాత్రం మొదట్లో ఇవ్వకండి. ‘వచ్చారు’ అనాలా, ‘వచ్చాయి’ అనాలా అని పెద్దవాళ్లమే ఆగిపోతాం.

‘కానీ’, ‘కాబట్టి’, ‘లేదా’ల దగ్గరికి వద్దాం. ఇవి జిగురు అనుకుంటే ఏ రెంటినైనా అతికించవచ్చు. అవి జిగురు కావు. రెండు సంగతుల మధ్య ఉన్న బంధమేమిటో చెప్పే మాటలు. మీ పిల్లలకు అందనిది ఇదే, మీ నిర్వచనంలో లేనిదీ ఇదే. సమాన ప్రాధాన్యం ఉన్న రెండు వాక్యాలు కలుస్తాయని చెప్పారు గానీ, ఎందుకు కలుస్తాయో చెప్పలేదు.

నేను క్లాసులో చేసిన పని ఒకటి చెబుతాను. ‘తాతయ్య వచ్చాడు’ అని ఒక అట్ట మీద, ‘నేను పడుకున్నాను’ అని ఇంకో అట్ట మీద రాసి ఇద్దరు పిల్లల చేతికిచ్చి ఎడంగా నిలబెట్టేవాణ్ణి. మూడో పిల్ల ‘కానీ’ పట్టుకుని మధ్యలోకి వస్తుంది. ‘తాతయ్య వచ్చాడు కానీ నేను పడుకున్నాను.’ ఏం జరిగి ఉంటుందని అడిగితే, పాపం, తాతయ్యను చూడలేదంటారు. తర్వాత ‘కాబట్టి’ పట్టుకున్న పిల్లాడొస్తాడు. ‘తాతయ్య వచ్చాడు కాబట్టి నేను పడుకున్నాను.’ ఇప్పుడు గోల మొదలవుతుంది. తాతయ్య పక్కన పడుకుంటే కథ చెప్తాడని ఒకరు, ఇంకా మేలుకుని ఉంటే కోప్పడతాడని ఇంకొకరు. వాక్యాలు రెండూ అవే. మధ్యలో ఒక్క మాట మారితే తాతయ్యే మారిపోయాడు. దీనికి పది నిమిషాలు చాలు. నిర్వచనం పదిసార్లు రాయించినా రానిది ఆ గోలలో వస్తుంది. మీ పాప గొడుగు వాక్యానికి కూడా ఇలాంటి క్లాసులో నవ్వుకు బదులు ‘ఎందుకు, ఎందుకు’ అన్న ప్రశ్నలు వచ్చి ఉండేవి.

ఆ తర్వాత సగం వాక్యాలు ఇవ్వండి. ‘బస్సు వచ్చింది కానీ...’, ‘బస్సు వచ్చింది కాబట్టి...’. ఒకే మొదలుకు రెండు చివరలు పిల్లలే వెతుక్కోవాలి. ముందు నోటితో, తర్వాత పలకల మీదో చిత్తు కాగితం మీదో, ఆఖరున పుస్తకంలో. ఈ సాధనలో ఒత్తుల తప్పులకు ఎర్ర గీత పెట్టకండి. అది ఇంకో రోజు పని.

‘జ్వరం వచ్చింది ఎందుకంటే బడికి రాలేదు’ అన్న తప్పు వేరే జాతిది. బంధం పిల్లలకు తెలుసు, దిక్కు తిరగబడింది. కారణం ముందుంటే తర్వాత ‘కాబట్టి’, ఫలితం ముందుంటే తర్వాత ‘ఎందుకంటే’. బోర్డు మీద రెండు సంగతులూ రాసి, ‘ముందు ఏది జరిగింది?’ అని అడిగి, దాని నుంచి రెండోదానికి బాణం గీయండి. బాణం వెంట నడిస్తే ‘కాబట్టి’, బాణానికి ఎదురు నడిస్తే ‘ఎందుకంటే’. నాలుగు జంటలు చేసేసరికి చాలామందికి పట్టుబడుతుంది.

పరీక్షలో సంయుక్తమూ సంక్లిష్టమూ కలగలిపి ఇస్తే గుర్తించడానికి చెవినే వాడమనండి. ‘ఇంటికి వచ్చి’ అని ఆపితే, వినేవాళ్లు ‘వచ్చి?’ అని ఎదురుచూస్తారు. ‘ఇంటికి వచ్చాడు’ అని ఆపితే ఎవరూ ఎదురుచూడరు. రెండు క్రియలున్న వాక్యంలో రెండు చోట్లా ఎదురుచూపు లేకుండా ఆగగలిగితే అది సంయుక్తం. ఒకచోట ఆగలేకపోతే సంక్లిష్టం. అసమాపక క్రియ, సమాపక క్రియ అన్న పేర్లు వాళ్లకు తర్వాతైనా వస్తాయి.

ఇక హెడ్మాస్టరుగారు. ఆయన మాట ప్రకారం నడుచుకుంటే పరీక్షలో మార్కులు వస్తాయి, ఎవరితోనూ పేచీ ఉండదు. పిల్లల రాత మాత్రం ఇప్పుడున్న చోటే ఉంటుంది, అది చూసి మీరు రోజూ ఇంతే బాధపడతారు. నిర్వచనాలు పూర్తిగా పక్కనపెట్టి మీ దారిన మీరు వెళ్తే రాత బాగుపడుతుంది గానీ, పరీక్షలో పేరు గుర్తుపట్టలేక పిల్లలు మార్కులు పోగొట్టుకుంటే ఆ నష్టం వాళ్లది. ఆయన అడిగేదాంట్లోనూ న్యాయం ఉంది, పరీక్ష నిజంగానే ఉంది కదా. ఆరు వారాల పాటు రోజూ పది నిమిషాలు కలిపే ఆటకు తీసుకుని, పేర్లూ నిర్వచనాలూ చివరి వారానికి పెట్టుకోవచ్చు. అప్పటికి పిల్లల దగ్గర తాము రాసిన వాక్యాలే యాభై ఉంటాయి కాబట్టి పేరు పెట్టడం తేలిక. దీనికి మీరు కట్టాల్సిన మూల్యం ఏమిటంటే, మొదటి నాలుగైదు వారాలు పుస్తకాల్లో చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు. పాఠం జరగడం లేదని ఆయన అనుకోవచ్చు, తల్లిదండ్రులూ అనుకోవచ్చు.

అందుకే ఆయనకు ముందే చెప్పండి, చాటుగా చేయకండి. ఈ సోమవారం పిల్లలందరి చేతా పది నిమిషాలు ఏదో ఒక విషయం మీద రాయించి, ఆ కాగితాలు దిద్దకుండా దాచండి. ఆరు వారాల తర్వాత అలాంటి విషయమే ఇచ్చి మళ్లీ రాయించి, రెండూ పక్కపక్కన ఆయన బల్ల మీద పెడతానని చెప్పండి. తేడా రాకపోతే ఆయన పద్ధతికి వస్తానని కూడా చెప్పండి, చెప్పాక ఆ మాట మీద నిలబడండి. పద్ధతి మంచిదా కాదా అని ఆయనతో వాదించడం కంటే ఆ కాగితాల కట్ట మీ తరఫున బాగా మాట్లాడుతుంది.

ఒక జాగ్రత్త. కలపడంలో రుచి మరిగాక పిల్లలు అన్నిటినీ కలపడం మొదలుపెడతారు. లేచి, ఆడి, అలిసి, వచ్చి, పడుకుని అంటూ పేజీ చివరిదాకా ఆపకుండా వెళ్తారు. కెలాగ్ హంట్ అనే పరిశోధకుడు 1965లో నాలుగు, ఎనిమిది, పన్నెండో తరగతుల పిల్లల రాతలు పోల్చి చూస్తే, చిన్నవాళ్లే ‘అండ్’తో వాక్యం వెంట వాక్యం ఎక్కువగా తగిలించుకుంటూ పోతున్నట్టు కనిపించింది. కాబట్టి అది చూసి కంగారుపడకండి. అప్పుడు ఉల్టా ఆట ఆడించండి, పొడుగు వాక్యం ఇచ్చి కత్తిరించమనండి. ‘వాన వచ్చింది’ లాంటి రెండు మాటల వాక్యం విడిగా నిలబడితేనే బాగుండే చోట్లు ఉంటాయని అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. మీ పాప ఇన్నాళ్లూ రాసిన చిన్న వాక్యాలకు ఆ రోజు క్లాసులో గౌరవం దక్కుతుంది.

ఈ వారంలో చేయాల్సింది మాత్రం ఒకటే, పాప పక్కన కూర్చోవడం. గొడుగు సంగతి తను ఏం చెప్పిందో నాకు రాయండి.